ఐదు కిరణాల లాంతరు

వీధి గది నుండి,
సోమవారం

చిరంజీవి మేనకోడలికి,

నిన్న సాయంత్రం క్లబ్బు సమావేశంలో కొత్త అధ్యక్షుడు లేచి, రానున్న సీజనుకు మన ఫుట్‌బాల్ జట్టు జెర్సీని రూపొందించే పని మీ కంపెనీకి అప్పగించినట్లు ప్రకటించాడు. ఇంటికి వచ్చి చెబితే, గీస్తున్నది నువ్వేనని మీ అత్తయ్య బయటపెట్టింది. నా ఛాతీ రెండంగుళాలు పొంగిన మాట వాస్తవం. ఆ పొంగు ఎక్కువసేపు నిలవలేదన్నది కూడా వాస్తవమే.

ఎందుకంటే ఆ అధ్యక్షుడు తన ప్రసంగంలో "బ్రాండు" అన్న మాటను పదకొండు సార్లు పలికాడు. వేళ్ళ మీద లెక్కపెట్టాను, వేళ్ళు చాలలేదు. ఒక మాటను అన్నిసార్లు అన్న మనిషి దాని వెనుక ఏదో దాచి ఉంటాడు. ముప్ఫై నాలుగేళ్ళు రైలు షెడ్డు గేటు దగ్గర హాజరు గుమాస్తాగా కూర్చున్నవాణ్ణి. ఆలస్యంగా వచ్చినవాడు చెప్పే కారణంలో ఏ ముక్క నిజమో, ఏ ముక్క దారిలో అల్లుకున్నదో వాడు నోరు తెరవకముందే నాకు తెలిసేది.

నీకు తెలియనివి కావు గానీ, కాగితం మీద ఉండడం మంచిదని రాస్తున్నాను. మన జెర్సీలో మార్చరానివి మూడున్నాయి. ఒకటి, పచ్చ రంగు. రెండు, ఎడమ భుజం నుండి కుడి నడుము వరకు మూడు వేళ్ళ వెడల్పున దిగే తెల్లని వాలు పట్టీ. మూడు, గుండె మీద ఆరు కిరణాల లాంతరు. జట్టును పెట్టినవాళ్ళు షెడ్డులో సిగ్నలు లాంతర్లు తుడిచిన మనుషులు. ఆ తెల్ల పట్టీ అలంకారం కోసం పుట్టలేదు. వాళ్ళు భుజాన తగిలించుకున్న లాంతరు సంచికి అది గుర్తు. ఇరవై రెండేళ్ళు కార్యదర్శిగా ఉండి, ఆ మూడింటి మీద ఈగ వాలనివ్వలేదు.

అందుచేత ఒక్కటే కోరుతున్నాను. నువ్వు గీసినదాన్ని అందరికన్నా ముందు నాకు చూపించు. నా కళ్ళు తప్ప మరెవరి కళ్ళూ దాని మీద పడవు.

ఫోను చేయవద్దు. నీ గొంతు వింటే మెత్తబడి, అడగదలచింది మరిచిపోతాను.

ఆశీస్సులతో,
నీ మామయ్య

*

నాలుగో అంతస్తు, నా అద్దె గది,
గురువారం

మామయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి భయమేసింది. అత్తయ్య దగ్గర నోరు జారడం నాదే తప్పు. ఆవిణ్ణి ఏమీ అనకు. కానీ ఇక ఈ విషయం ఇంటి గడప దాటనివ్వకు.

మా డిజైన్ గది ఎలా ఉంటుందో నీకు తెలియదు. లోపలికి వెళ్ళేముందు ఫోన్లు గూళ్ళలో పెట్టి తాళం వేయాలి. వచ్చేటప్పుడు సంచి తెరిచి చూపించాలి. కాగితం మీద గీత పడిందంటే దానికి ఒక అంకె, తీసుకున్నవాళ్ళ సంతకం. మొదటి మ్యాచ్ రోజున ఆటగాళ్ళు మైదానంలోకి వచ్చేదాకా ఆ జెర్సీని బయటివాళ్ళెవరూ చూడకూడదు. చూపించనని నేనూ సంతకం పెట్టాను.

నేను ఆరు నెలల పరిశీలన మీద ఉన్నానని మరిచిపోకు. ఇంతకుముందు రెండు చోట్ల ఆరో నెలలోనే సంచి సర్దుకోమన్నారు. ఈ జెర్సీ గట్టెక్కితే ఉద్యోగం ఖాయం. లేకపోతే మూడోసారి కూడా ఇంటికొచ్చి మీ అందరి ఓదార్పులూ వినాలి. ఓదార్పుల్లో నీవి మరీ పొడుగు.

కాబట్టి చూపించలేను. అలగకు.

నువ్వు నాకొక సాయం చేయాలి. నీ ట్రంకు పెట్టెలో దాచిన జెర్సీల్లో అన్నిటికన్నా పాతది పార్సిల్ చెయ్యి. రంగు కలపడానికి కావాలి. పాడు చేయను.

ప్రేమతో,
నీ కోడలు

*

వీధి గది నుండి,
మంగళవారం

చిరంజీవి మేనకోడలికి,

పార్సిల్ పంపాను. అది ఎవరు తొడుక్కున్నదో నీకు చెప్పను. చెబితే దాని మీద కత్తెర పెట్టలేవు.

నేను అలగలేదు. అలిగే వయసు దాటిపోయింది. ఆశ్చర్యపోయానంతే. నా ఒడిలో కూర్చుని పలకల మీద పిచ్చిగీతలు గీసిన పిల్ల, ఇప్పుడు నాకు చూపించకూడని గీతలు గీస్తోంది.

ఇక్కడి సంగతులు వింటే నా అనుమానం ఊరికే పుట్టలేదని ఒప్పుకుంటావు. అధ్యక్షుడు వారం రోజులుగా నన్ను చూసి ముందుగా నవ్వుతున్నాడు. లోగడ నేను నవ్వితే తప్ప నవ్వేవాడు కాడు. మనం అంగుళం అని పిలుచుకునే మన దర్జీని పిలిపించి, "ఇకమీదట మీరు విశ్రాంతి తీసుకోండి" అన్నాడట. ముప్ఫై ఒక్క ఏళ్ళు జట్టుకు కుట్టినవాడు! డెబ్బై ఏళ్ళవాడికి కొలత తీసినా, "ఓ అంగుళం వదిలానండీ, రేప్పొద్దున ఎదుగుతారు" అని నవ్వించేవాడు ఇప్పుడు కిటికీ తెరలు కుడుతున్నాడు. ఏటా మొదటి మ్యాచ్‌కు ముందు, మొదటగా కుట్టిన జెర్సీని తన కొట్టు తలుపుకు తగిలించేవాడు. దారిన పోయేవాళ్ళు దాని చేతిని తాకి వెళ్ళేవారు. ఈ ఏడు ఆ తలుపు బోడిగా ఉంటుంది.

నేను అడిగేది ఒక్క చూపు. సంతకం పెట్టావు, నిజమే. సంతకం పరాయివాళ్ళ విషయంలో కదా?

ఆశీస్సులతో,
నీ మామయ్య

*

నాలుగో అంతస్తు,
ఆదివారం

మామయ్యా,

ఓడిపోయాను. ఇందులో మడిచి పెట్టిన కాగితం చూడు. గదిలోంచి తేలేదు, ఇంట్లో కూర్చుని జ్ఞాపకం మీద గీసి, రంగులు వేశాను. నీ ఉత్తరం చివరి వాక్యం నన్ను మూడు రోజులు తిండి తిననివ్వలేదు. చూడు, చూశాక కాల్చెయ్యి. కాల్చానని నాకు రాయి.

చూస్తూనే నీకు రెండు సందేహాలు వస్తాయి. రెండూ నేనే చెబుతాను.

పట్టీ రెండు వేళ్ళకు తగ్గింది. నా ఇష్టం కాదు. ఛాతీ మీద ప్రకటనదారు పేరు రావాలట. పట్టీ మొత్తం తీసేయమన్నారు. ఐదు సమావేశాల్లో పోట్లాడి, సన్నగానైనా నిలబెట్టాను. మా మేనేజరు గారు, "అంత చిన్న పట్టీ కోసం ఇంత గొడవా?" అంటే, "దాని వెనుక మా మామయ్య ఉన్నాడండీ" అనలేక, చరిత్ర ఉందన్నాను.

రెండోది రంగు. నువ్వు పంపిన జెర్సీ కాలరు మడత విప్పాను. విప్పేముందు మనసులో నీకు క్షమాపణ చెప్పుకున్నాను. లోపల, ఎండ తగలనిచోట, ఇంకో పచ్చ ఉంది మామయ్యా. చిక్కటి పచ్చ. అద్దం వెనుక దీపం వెలిగిస్తే సిగ్నలు లాంతరు ఇచ్చే పచ్చ. మనం మన రంగంటూ ఇన్నాళ్ళూ చెప్పుకున్న, నీలం కలిసిన బూడిద పచ్చ కాదు అది. ఎలా జరిగిందో ఊహించాను. అంగుళం గారూ, ఆయనకు ముందున్న దర్జీలూ కొత్త గుడ్డ కొనడానికి పోయిన ఏటి జెర్సీని చేతపట్టుకు వెళ్ళి ఉంటారు. ఏడాదంతా ఉతికి ఆరేసిన జెర్సీ అది. దాని రంగుకు సరిపోయే గుడ్డ తెచ్చారు. మరుసటి ఏడు అదీ వెలిసింది. దానికీ సరిపోయేది తెచ్చారు. అలా ఏటికింత జారుతూ పోయింది.

నేను మొదటి పచ్చకే వెళ్ళాను. ఎవరికీ చెప్పకు.

నీ కోడలు

*

వీధి గది నుండి,
శనివారం

చిరంజీవి మేనకోడలికి,

నీ ఉత్తరం చేరింది. నువ్వు చెప్పిన జాగ్రత్త పాటించాను.

గీతలో నీ చేతి నైపుణ్యం ఉంది, కాదనను. కాలరు మడత ముచ్చటగా ఉంది. కానీ ఆ పట్టీ! మూడు వేళ్ళు రెండు వేళ్ళయింది. వచ్చే ఏడు ఒక వేలవుతుంది. ఆ పై ఏడు, ఒకప్పుడు ఇక్కడ పట్టీ ఉండేదని మనమే ఎవరికో చెప్పుకోవలసి వస్తుంది. నువ్వు పోట్లాడావంటున్నావు, నమ్ముతున్నాను. పోట్లాట ముగిశాక నీ చేతే ఆ గీత గీయించినవాడి తెలివిని మాత్రం తక్కువగా అంచనా వేయకు.

రంగు సంగతి నేను ఒప్పుకోను. మడత లోపల దాగిన గుడ్డ కూడా ఏళ్ళ తరబడి ఏదో ఒక మార్పుకు లోనై ఉంటుంది. అది నల్లబడలేదని ఎవరు చెప్పగలరు? యాభై ఏళ్ళుగా వేలమంది వెలిసిన రంగుకు జేజేలు కొట్టారంటావా? ట్రంకులోని జెర్సీలన్నిటినీ సంవత్సరాల వారీగా మంచం మీద పరిచి నేనే చూస్తాను. ఫలితం తరువాత రాస్తాను.

ఆశీస్సులతో,
నీ మామయ్య

అమ్మడూ, మీ మామయ్య ఉత్తరం పోస్టులో వెయ్యమని నాకిచ్చారు. ఆవిరి పట్టి కవరు విప్పి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నా, ఆయనకి చెప్పకు. ఒంటి మీద శ్రద్ధ పెట్టు. ఇక్కడ ఆయన వాలకం ఏమీ బాగాలేదు. మంచం నిండా పాత చొక్కాలు పరిచి, వాటి చుట్టూ తిరుగుతున్నారు. పడుకుందామంటే చోటు లేదు, చాప మీద పడుకున్నా. అంగుళం రెండు రోజుల నుంచీ వచ్చి పోతున్నాడు. ఇద్దరూ గది తలుపు వేసుకుని గుసగుసలు. టీ ఇవ్వడానికి వెళ్తే "బయట పెట్టు" అంటారు! ఈ వయసులో తలుపులేసుకునే పనులేంటో నాకైతే అర్థం కాలా. — అత్తయ్య

*

నాలుగో అంతస్తు,
బుధవారం

మామయ్యా,

రెండు నెలలుగా నువ్వు రాయలేదు, నేనూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పదు.

మొదటి మ్యాచ్ ఇంకా మూడు వారాలుంది. నిన్న ఉదయం మేనేజరు గారు మా అందర్నీ పిలిచి బల్ల మీద ఒక జెర్సీ పడేశారు. చిక్కటి పచ్చ, సన్న పట్టీ, లాంతరు. మేము కుట్టింది కాదు, నాసిరకం గుడ్డ. మీ ఊళ్ళో స్టేడియం రోడ్డులో తోపుడు బండి మీద అమ్ముతున్నారట. ఇంకా బయటికి రాని జెర్సీకి నకలు!

"ఈ గదిలో ఉన్నవాళ్ళు తప్ప దీన్ని చూసినవాళ్ళు లేరు. ఎవరో మీరే చెబితే మర్యాదగా ఉంటుంది" అన్నారాయన. ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఇప్పుడు అందరి కళ్ళూ కటింగ్ అక్క మీద ఉన్నాయి. గుడ్డ కత్తిరించేది ఆవిడే. ఒకసారి కాగితపు నమూనా పొరపాటున ఇంటికి తీసుకెళ్ళి మరునాడు తెచ్చిచ్చింది. ఆ పాత సంగతి తవ్వి, నిన్న మధ్యాహ్నం నుంచి ఆవిణ్ణి పనిలోకి రానివ్వడం లేదు. వచ్చే శుక్రవారం విచారణ.

నీ కిందటి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. "జాగ్రత్త పాటించాను" అని ఉంది. "కాల్చాను" అని లేదు.

ఆ కాగితం ఎవరికైనా చూపించావా? ఒక్క మాట రాయి.

నీ కోడలు

*

వీధి గది నుండి,
శుక్రవారం

చిరంజీవి మేనకోడలికి,

నీ ప్రశ్న చదివాను. ఈ ఇంట్లో నన్ను ఆ విధంగా ప్రశ్నించినవారు ఇంతవరకు లేరు.

నీ కాగితాన్ని నేను అమ్ముకోలేదు. ఏ తోపుడు బండివాడితోనూ నాకు పరిచయం లేదు. ఆ రోడ్డున నేను నడవను కూడా. ఇది నా సమాధానం.

ఇక నీ అనుమానాన్ని సరైన దిక్కుకు మళ్ళించు. జెర్సీ నమూనాను ఆమోదించింది ఎవరు? అధ్యక్షుడు. దాన్ని ముందుగా జనం మీదికి వదిలి, ఏమంటారో చూడాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? అతడికే. మీ మేనేజరు మాత్రం? గూళ్ళకు తాళాలు వేయించినవాడి దగ్గరే తాళంచెవులు ఉంటాయి. ప్రకటనదారు మనుషులు ఎంతమంది చూశారు? వాళ్ళను పిలిచి బల్ల ముందు నిలబెట్టారా? ఇంతమందిని వదిలి, నిన్ను ఎత్తుకు తిరిగిన మనిషి దగ్గరికి వచ్చి ఆగింది నీ చూపు.

నీ పక్కన పనిచేసేవాళ్ళను కూడా కనిపెట్టి ఉండు. పాపం అనిపించేవాళ్ళందరూ నిర్దోషులు కారు.

నీ మామయ్య

*

నాలుగో అంతస్తు,
సోమవారం

మామయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. అమ్మలేదని రాశారు. అమ్మారా అని నేను అడగలేదు.

మీకు తెలియని పద్ధతి ఒకటి చెబుతాను. మా గదిలో ప్రతి నకలులోనూ ఒక చిన్న తేడా ఉంటుంది. ఒకదానిలో బొత్తాం కాస్త కిందికి, ఇంకోదానిలో చేతి అంచున ఒక కుట్టు ఎక్కువ. ఏ కాగితం బయటికి పోయినా, ఎవరి చేతిలోంచి పోయిందో ఆ తేడాను బట్టి పట్టుకుంటారు. నాకది చేతికి అలవాటైపోయింది. మీకు గీసిన కాగితంలో కూడా ఆలోచించకుండానే ఒక తేడా పెట్టాను. లాంతరుకు ఆరు బదులు ఐదు కిరణాలు వేశాను. జట్టు గుర్తుకు ఇరవై రెండేళ్ళు కాపలా కాసిన మీరు వాటిని లెక్కపెట్టలేదు. మీ చూపంతా పట్టీ మీదే ఉండిపోయింది.

బల్ల మీద పడేసిన జెర్సీకి ఐదు కిరణాలున్నాయి.

రిజిస్టరులో ఉన్న నకళ్ళలో ఐదు కిరణాలది లేదు. అందుకే వాళ్ళకు దారి దొరకలేదు, అందుకే ఎవరి మీద పడాలో తెలియక కటింగ్ అక్క మీద పడ్డారు. నేను నోరు మూసుకుంటే నన్నెవరూ పట్టుకోలేరు. ఉద్యోగం ఖాయమవుతుంది. ఆవిడ పోతుంది. నిన్న ఆవిడ ఇంటికి వెళ్ళాను. నాకు మంచినీళ్ళిచ్చి, "నువ్వొక్కదానివే వచ్చావమ్మా" అంది. ఆ గ్లాసు అలాగే పక్కన పెట్టేసి వచ్చాను.

శుక్రవారం నేను నిజం చెప్పబోతున్నాను. చెప్పేముందు నాకు తెలియాలి. ఆ కాగితం ఎవరి చేతికిచ్చారు? ఎందుకిచ్చారు?

ఇట్లు,
మీ మేనకోడలు

*

వీధి గది నుండి,
బుధవారం

తల్లీ,

"మామయ్య గారికి" అని రాశావు. మాటలు వచ్చిన నాటి నుండి నన్ను "నువ్వు" అన్నదానివి. ఆ ఒక్క "మీరు" నాకు విచారణకన్నా ఎక్కువైంది.

నిన్నటి నుండి జవాబు మొదలుపెట్టి చింపుతున్నాను. మీ అత్తయ్య ఆ ముక్కలు ఏరి, "ఇన్ని పెద్ద పెద్ద మాటలు రాస్తారు గానీ, నేనే చేశాను అన్న రెండు మాటలు రాయలేరా?" అంది. రాస్తున్నాను. నేనే చేశాను.

కాగితం కాల్చలేదు. అంగుళం దగ్గరికి తీసుకెళ్ళాను. దాని ప్రకారం ఒక్క జెర్సీ కుట్టించి, పాత ఆటగాళ్ళనూ కమిటీ పెద్దలనూ కూర్చోబెట్టి, "ఇదిగో, మన పట్టీని ఏం చేశారో చూడండి" అని తొడిగి చూపించాలనుకున్నాను. కాగితం మీద గీతకు ఎవరూ చలించరు. ఒంటి మీద చూస్తే మండిపడతారు, మార్పు ఆగిపోతుంది అని నా లెక్క. నీ ఉద్యోగం నాకు గుర్తు రాలేదని చెబితే అబద్ధం. గుర్తొచ్చింది. ముందు పట్టీ, తరువాత నీ సంగతి చూసుకోవచ్చు అనుకున్నాను. అది చదివి నీకేమనిపిస్తుందో ఊహించగలను.

అంగుళం రెండు రోజుల్లో కుట్టాడు. పెద్దల్ని పిలవడానికి మంచి రోజు కోసం నేను చూస్తూ ఉండిపోయాను. ఒక మధ్యాహ్నం అటుగా వెళ్తే, జెర్సీ కొట్టు తలుపుకు వేలాడుతోంది. జనం ఆగి చేతిని తాకి వెళ్తున్నారు. గబగబా లోపలికి వెళ్ళాను. "ఏమిటయ్యా ఇది?" అన్నాను.

"అదేంటండీ! ముప్ఫై ఏళ్ళ నుంచీ మొదటిది తలుపుకే కదా తగిలిస్తున్నా. చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది" అన్నాడు. అతడి ముఖంలో ఎన్నాళ్ళకో వెలుగు చూశాను. అందుకే తిట్టలేకపోయాను. తీయించి ఇంటికి తెచ్చాను. అది వేలాడినది గంటసేపు. ఆ గంటలో ఎవడో ఫొటో తీసుకుని ఉంటాడు. తరువాత ఆ రోడ్డున, నడవనని నీకు రాసిన రోడ్డునే, బండి మీద నకళ్ళు చూసిన రోజే అంతా అర్థమైంది. అర్థమయ్యాకే నీకు ఆ శుక్రవారం ఉత్తరం రాశాను. ఎవరి మీదైనా అనుమానం పెంచగలను గానీ, నా మీదికి వచ్చేటప్పటికి గేటు మూసుకుపోయింది.

ఇంకొకటి. జెర్సీలన్నీ మంచం మీద పరిచానని మీ అత్తయ్య నీకు చెప్పే ఉంటుంది. ఆవిడ ఆవిరి పట్టి విప్పిన కవరు అంచు నా కంట పడకపోలేదు. ఏడాది పక్కన ఏడాది పెట్టుకుంటూ వెళ్తే, పచ్చ మెట్లు దిగినట్టు దిగింది. నువ్వు చెప్పిందే నిజం. నేను కాపలా కాసినది జట్టును పెట్టినవాళ్ళ రంగును కాదు, పోయిన ఏటి ఉతుకును. ఇది రెండు నెలల కిందటే తెలిసి కూడా రాయలేదు.

మీ మేనేజరుకు ఒక ఉత్తరం పంపాను. విచారణకు ముందే చేరుతుంది. అందులో ఏముందని అడగకు. ఆయన అడిగితే ఔనను.

నీ మామయ్య

*

నాలుగో అంతస్తు,
ఆదివారం

మామయ్యా,

"మీరు" అని రాసేంత ఓపిక కూడా నాకు లేదు.

శుక్రవారం గదిలో ఐదుగురు కూర్చున్నారు. నేను నోరు తెరవబోతుంటే మేనేజరు గారు ఒక కవరు పైకెత్తారు.

"ఇది మీ మామయ్య రాశారు. మొన్న మీరు ఊరెళ్ళినప్పుడు, మీకు తెలియకుండా మీ సంచిలోంచి డిజైన్ దొంగిలించారట. మీ తప్పేమీ లేదట. అక్షరాలు బాగున్నాయి" అన్నారు.

అందరూ నా వైపు చూశారు. ఔనంటే చాలు. ఆ క్షణాన నిజంగా ఔననాలనిపించింది, నీకు అబద్ధమెందుకు చెప్పాలి?

"ఈ ఉద్యోగంలో చేరాక నేను ఊరే వెళ్ళలేదండీ" అన్నాను.

"మాకూ తెలుసు. సెలవుల రిజిస్టరు చూశాం. ఆయన చూసుకోలేదు" అన్నారాయన.

జీవితమంతా మనుషుల హాజరు రాసినవాడివి మామయ్యా! అబద్ధం ఆడితే అందులో నా హాజరే తప్పు వేశావు. నవ్వు ఆగలేదు, ఏడుపూ ఆగలేదు. అంతా చెప్పాను. నేనే గీసి పంపానని, ఐదు కిరణాలు నావేనని. కటింగ్ అక్క గోడకు ఆనుకుని నిలబడి వింది.  బయటికొచ్చాక నా సంచి గేటు దాకా మోసింది.

ఆవిణ్ణి సోమవారం నుంచి రమ్మన్నారు. నన్ను ఈ నెలతో ఆపేశారు. నిజం నా అంతట నేనే చెప్పాను కాబట్టి అనుభవ పత్రం ఇస్తామన్నారు. దానికొక షరతు. ఆ జెర్సీ నేను గీసిందని నేను గానీ, నావాళ్ళు గానీ ఎప్పుడూ ఎక్కడా చెప్పకూడదు. చెప్పినట్టు తెలిస్తే పత్రం వెనక్కి తీసుకుంటారు, ఇంకెక్కడా నాకు పని దొరకదు. జెర్సీ మాత్రం మారదు; చిక్కటి పచ్చే, సన్న పట్టీయే, ఆరు కిరణాలే. అలాగే మైదానంలోకి వస్తుంది.

అంగుళం గారిని నేను ఏమీ అననని చెప్పు. నీ మీద కోపం తగ్గలేదు. తగ్గిందని నీ కోసం రాయను. తగ్గినప్పుడు నాకే తెలుస్తుంది. మొదటి మ్యాచ్ అయ్యేదాకా నాకు రాయకు.

నీ కోడలు

*

వీధి గది నుండి,
మొదటి మ్యాచ్ మరునాడు

చిరంజీవి మేనకోడలికి,

నువ్వు పెట్టిన గడువు నిన్నటితో ముగిసింది కనుక రాస్తున్నాను. ఇది క్షమాపణ ఉత్తరం కాదు. దానికి నాకింకా అర్హత రాలేదు.

క్లబ్బు సభ్యత్వం వదులుకున్నాను. ట్రంకు పెట్టె కమిటీకి అప్పగించాను. అధ్యక్షుడు ఎందుకని అడిగాడు. నీ పేరు తప్ప అంతా చెప్పాను. పూర్తిగా విని, నాకు కుర్చీ వేయించాడు. ఆ మనిషిని నేను కొంత తప్పుగా అంచనా వేసి ఉండవచ్చు. పూర్తిగా తప్పని మాత్రం ఇప్పుడే ఒప్పుకోను.

నిన్న టిక్కెట్టు కొనుక్కుని, జనంలో కూర్చున్నాను. జట్టు మైదానంలోకి వచ్చేసరికి గోల ఆగిపోయింది. నా చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "ఇదేం రంగురా బాబూ, పేరు మనది, చొక్కా ఎవడిదో" అని వెనుక నుండి ఒకడు. "బండి మీద దొరికినదే కదా, నేను రెండు కొన్నా" అని మరొకడు. ఇంతలో ఎండ మబ్బు దాటి వచ్చింది. ఆటగాళ్ళ మీద ఆ పచ్చ వెలిగింది. 

విరామంలో ఒకప్పుడు అందరూ గోడ అని పిలిచిన మన పాత గోల్‌కీపరు నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న తొడుక్కున్నది ఈ పచ్చేనని, ఇన్నాళ్ళూ అది తన కళ్ళ భ్రమ అనుకున్నానని అన్నాడు. మోచేత్తో నన్ను పొడిచాడు.

"ఎవరు గీశారో నీకు తెలుసు. నీకు తెలియకుండా ఈ జట్టులో దారం కూడా కదలదు."

"తెలుసు" అన్నాను.

"మరి చెప్పవేంటి? అంత గొప్పవాడా?"

వరసలో నలుగురు మెడలు చాచి నా వైపు చూస్తున్నారు. నీ పేరు నా నాలుక చివర నిలబడి ఉంది.

ఆట మళ్ళీ మొదలయ్యేదాకా అతడు అడుగుతూనే ఉన్నాడు. నేను మైదానం వైపు చూస్తూ కూర్చున్నాను.

నీ మామయ్య